అన్నం నడుమ గోలీ

ఆ ఎండాకాలం మా ఇంట్లో పోయింది ఒక్క వేలు. అదీ కాలి వేలు, అదీ ఎడమది, అదీ చిటికెనది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "గింతల్నే పోయింది, నయమే" అని చాయ్ తాగి వెళ్ళారు. ఆ చాయ్ నేనే పెట్టాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను.

2012 సంగతి. మా అత్త అనంతమ్మకు షుగరు ముదిరి కిడ్నీలు పనిచేయడం మానేసి అప్పటికి మూడేళ్ళు. వారానికి మూడు రోజులు ఆరాంఘర్ అవతల ఒక దవాఖానలో నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకొని, రక్తం శుభ్రం చేయించుకొని వచ్చేది. డయాలసిస్ అన్న మాటను మా ఇంట్లో తప్పులేకుండా పలికేదాన్ని నేనొక్కదాన్నే. మిగతా అందరికీ అది మిషన్. "ఇయ్యాల అమ్మకు మిషన్ ఉన్నది" అనేవాడు మా ఆయన అన్న, శివశంకర్ బావ, వడ్లు పట్టించడానికి పోతున్నట్టు.

విమానాశ్రయం కింద పొలం పోయాక శంషాబాద్‌లో కట్టుకున్న ఇల్లు మాది. కింద బావ, అక్క, అత్త. పైన నేను, మా ఆయన హరిప్రసాద్, మా ఇద్దరు పిల్లలు. పొయ్యి మాత్రం ఒక్కటే, కింద. బావ క్యాబ్ నడిపేవాడు, మా ఆయన కార్గో గోదాములో షిఫ్టులు చేసేవాడు. కాబట్టి అత్త పనులు కోడళ్ళం ఇద్దరం పంచుకున్నాం. పంచుకున్నామంటే కూర్చొని ఎవరూ పంచలేదు. నేను బీఎస్సీ చదివాను గనక మందులు నాకు వచ్చాయి. మా తోటికోడలు భాగ్యమ్మ అక్క అయిదో తరగతిలో ఆగిపోయింది గనక ఎండ, ఆటో, దవాఖాన బెంచీ ఆమెకు వచ్చాయి. చదువుకు ఇంత విలువ ఉంటుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఉగాది ఇంకా రెండు రోజులుందనగా అక్క మిషన్ నుంచి వచ్చి, అత్తను మంచం మీద కూర్చోబెట్టి, సంచిలోంచి కొత్త గోలీల డబ్బా తీసింది.

"శిరీషా, గివి అన్నం తినేటప్పుడు ఇయ్యాలంట. ముంగట గాదు, ఎనుక గాదు. రెండు ముద్దలు తిన్నంక, నడుమ నమలాలంట. తారాబాయి సిస్టర్ మూడు సార్లు చెప్పింది. మళ్ళ నాతోని చెప్పిచ్చుకున్నది."

ఇంతలో మా నెత్తి మీదుగా విమానం పోయింది. విమానం పోయేదాకా మాట ఆపడం ఆ రోజుల్లో మా ఇంటి అలవాటు. అందరూ నోళ్ళు సగం తెరిచి ఆగేవాళ్ళు. ఆ సందులోనే నాకు ఏదో ఒకటి తట్టేది.

"అయితే అక్కా, ఇవి నంజుకునేటివన్నట్టు," అన్నాను చప్పుడు తగ్గాక. "పప్పులకా, పచ్చిపులుసులకా? అది అడగకపోతివా సిస్టర్‌ను?"

అత్త నవ్వింది. అక్క కూడా నవ్వింది. పక్కవాళ్ళు నవ్వుతుంటే ఎందుకని అడగకుండా తనూ కలిసే మనిషి ఆమె.

నేను డబ్బా తిప్పి చూశాను. కాల్షియం అని ఉంది. ఆ ఒక్క మాటతో నాకు అన్నీ అర్థమైపోయాయి. అత్తకు చాలా రోజులుగా బొక్కలు నొప్పులు. మోకాళ్ళు, నడుము, పక్కటెముకలు. ఎముకలకు కాల్షియం. ఇందులో తెలియనిదేముంది? నా రెండు కాన్పులప్పుడూ కాల్షియం గోలీ పడుకునే ముందు పాలతోనే వేసుకున్నాను. పైగా పేపర్లో ఆడవాళ్ళ పేజీలో చదివిన సంగతి కూడా గుర్తుంది. తిండిలో ఉండే కొన్ని పదార్థాలు కాల్షియాన్ని కడుపులోనే పట్టేసుకుంటాయట. అది ఒంటికి పట్టకుండా బయటికి పోతుందట.

"అన్నంతోని ఇస్తే వేస్టు అక్కా. ఒంటికి పట్టదు. పడుకునే ముంగట పాలల్ల ఇయ్యాలె, మళ్ళ పొద్దుగాల పరగడుపున."

"మరి సిస్టర్ గట్ల..."

"సిస్టర్ రోజుకు నలభై మందికి చెప్తది. ఎవరికి చెప్పేది ఎవరికి చెప్పిందో."

అక్క ఇంకోసారి ఏదో అనబోయి, డబ్బా నా చేతిలో చూసి, చాయ్ పెట్టడానికి లేచిపోయింది.

ఆ సాయంత్రం పిల్లల స్కెచ్ పెన్నులు తీసుకొని ఒక చార్టు తయారుచేశాను. ఏ గోలీ ఎప్పుడో, దేనితోనో, గడులు గీసి మరీ రాశాను. బొక్కల గోలీ దగ్గర ఎర్ర రంగుతో 'అన్నంతో ఎన్నడూ వద్దు' అని రాసి కింద రెండు గీతలు గీశాను. మందుల అల్మారా తలుపుకు లోపలివైపు అతికించాను. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి చూసి, "కలెక్టర్ ఆఫీసుల గూడ గిట్ల ఉండదు," అన్నాడు. నాకు రెండు రోజులు కాళ్ళు నేల మీద లేవు.

ఏప్రిల్లో నేను పాయ మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే మేక కాళ్ళు తెప్పించి, కాల్పించి, కుక్కర్లో రెండు గంటలు ఉడికిస్తే దిగే షోర్వా సంగతి మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. కాలు విరిగినవాడికి, కాన్పయినదానికి, ముసలివాళ్ళకు అదే మందు. అది పెట్టే కోడలికి పేరు కూడా వస్తుంది. నాకు వచ్చింది.

"బొక్కల షోర్వా వద్దన్నరు శిరీషా," అంది అక్క గుమ్మం దగ్గర నిలబడి. "పాలు గూడ వద్దన్నరు. గా దవాఖానోళ్ళు ఇచ్చిన లిస్టుల ఉన్నది."

"బొక్కలు నొస్తుంటే బొక్కల షోర్వా గాక బీరకాయ షోర్వా ఇస్తమా?"

ఆ మాటకు పక్కింటి ముత్తమ్మ పడీ పడీ నవ్వింది. ఆమె కూడా ఒక గిన్నె పట్టుకొని వచ్చి ఉంది, తన భర్త మోకాళ్ళకు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. జనం ఉంటే నా నోరు ఊరుకోదు. కొంగు నడుముకు చుట్టి, అక్క నిలబడ్డట్టే ఒక భుజం వంచి నిలబడి, అక్క గొంతుతో మొదలుపెట్టాను. "ముంగట గాదు, ఎనుక గాదు. రెండు ముద్దలు తినాలె. ఇగో గిట్ల గోలీ తియ్యాలె. ఉల్లిగడ్డ కొరకాలె. గోలీ నమలాలె. మళ్ళ ముద్ద. మూడు సార్లు చెప్పిన సిస్టర్, నాలుగోసారి చెప్పమంటవా?"

ముత్తమ్మ చేతిలో గిన్నె తొణికింది. ఎవరో "అబ్బ, అచ్చం భాగ్యనే" అన్నారు. "మా ఇంట్ల డాక్టరమ్మ ఉండంగ దవాఖాన ఎందుకు?" అన్నాను నేను, వదిలిపెట్టకుండా. ఆ రోజు నుంచి వాడకట్టులో అక్కకు డాక్టరమ్మ అనే పేరు పడింది. అక్క నవ్వింది. నవ్వి, లోపలికి వెళ్ళి, అత్త ముందు నుంచి ఖాళీ పళ్ళెం తీసింది.

అత్తకు రోజుకు ఇన్నే నీళ్ళు తాగాలని కొలత. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోయేది. ఆ కొలతలోంచి ఒక గిలాసెడు నా షోర్వాకు ఇచ్చేసింది. "మంచిగున్నదా అత్తమ్మా?" అంటే "మస్తున్నది బిడ్డా" అంది. అడిగిన ప్రతి ఆదివారం అదే మాట.

ఏప్రిల్ చివర రక్త పరీక్షలో ఏదో తగ్గాల్సింది తగ్గలేదని గోలీలు రోజుకు మూడు నుంచి ఆరు చేశారు. అక్క చీటీ తెచ్చిచ్చింది. ఈసారి ఎట్లా ఇవ్వాలో నోటితో చెప్పలేదు, చీటీ మాత్రం అల్మారా ముందు పెట్టి పోయింది. నేను చార్టులో 3 కొట్టేసి 6 రాశాను. రాత్రి మూడు పాలతో, పొద్దున మూడు పరగడుపున.

మే నెలలో అత్తకు దురద మొదలైంది. వీపంతా గోక్కునేది, గోక్కున్నచోట చారలు లేచేవి. కళ్ళు ఎర్రబడ్డాయి. బొక్కల నొప్పులు తగ్గలేదు సరికదా, మంచం మీద ఒకవైపు నుంచి ఇంకోవైపు తిరగాలన్నా పళ్ళు బిగబట్టేది. ఉక్కపోతకు దురద అన్నాను. ధూళికి కళ్ళు అన్నాను. మే చివర ఎడమ చిటికెన వేలు నీలంగా మారి, గోరు చుట్టూ పుండు పడితే, కొత్త చెప్పులు కరిచాయన్నాను. ఆ చెప్పులు అక్క కొనిపెట్టింది.

వేలు నల్లబడింది.

జూన్ రెండో వారంలో డాక్టరమ్మ, అంటే నిజం డాక్టరమ్మ, ఇంటివాళ్ళందరినీ ఒకసారి రమ్మంది. అత్తతో పాటు బావ క్యాబ్‌లో ముగ్గురం వెళ్ళాం, బావ, అక్క, నేను. అత్తను అక్క పై అంతస్తులో మిషన్ మీద పడుకోబెట్టి దిగివచ్చింది. డాక్టరు గది కింద. మూడేళ్ళలో నేను ఆ దవాఖాన గడప తొక్కడం అదే మొదలు.

ఆమె గోదావరి వైపు మనిషేమో, మాట మెల్లగా, పొందికగా ఉంది. లైట్ వేసి ఎక్స్‌రే ఫిల్ము పెట్టింది. అత్త పాదం.

"ఇవి ఎముకలు. చూడండి, ఉండాల్సినంత తెల్లగా లేవు, పలచబడిపోయాయి. మరి ఇవేమిటో చెప్పగలరా?"

ఎముకల మధ్య నుంచి రెండు సన్నని తెల్లని గీతలు, జంటగా, వంకర తిరుగుతూ వేళ్ళ దాకా పోతున్నాయి. రైలు పట్టాల్లా ఉన్నాయి. చివరికి ఆమే చెప్పింది.

"రక్తనాళాలు. మామూలుగా ఇవి ఎక్స్‌రేలో కనపడకూడదు. కాల్షియం పేరుకుని గట్టిపడ్డాయి గనక కనపడుతున్నాయి. ఎముకల్లో ఉండాల్సింది గొట్టాల్లో చేరింది. అందుకే వేలికి రక్తం అందట్లేదు."

"మరి గోలీలు ఏస్తనే ఉన్నం గద మేడం," అన్నాడు బావ.

"అదే నాకు అర్థం కావట్లేదండీ. ఆ గోలీలు ఎముకల బలానికి కాదు. మనం తినే తిండిలో ఫాస్ఫరస్ అని ఉంటుంది. కిడ్నీలు పనిచేయనివాళ్ళకు అది బయటికి పోదు, మిషన్ కూడా కొంతే తీస్తుంది. తిండితో పాటు ఈ గోలీ కడుపులో ఉంటే ఆ ఫాస్ఫరస్‌ను అక్కడే పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. తిండి లేనప్పుడు వేస్తే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. గోలీలోని కాల్షియమే రక్తంలో కలుస్తుంది. ఈ నెల పరీక్షలో రెండూ బాగా పెరిగాయి, ఫాస్ఫరసూ కాల్షియమూ. గోలీలు ఎప్పుడు వేస్తున్నారు?"

నేను పేపర్లో చదివింది అక్షరాలా నిజం. తిండి ఆ గోలీని పట్టేసుకుంటుంది. అట్లా పట్టేసుకోవాలనే డాక్టరు రాసింది.

"ఎవరు వేస్తున్నారండీ మందులు?"

బావ వెంటనే అక్కవైపు చెయ్యి చూపించాడు. ఇంట్లో ఏ మందు ఏ అల్మారాలో ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. మిషన్‌కు ఎవరు పోతారో, మందులూ వాళ్ళవే అనుకున్నాడు. "నా భార్యనే మేడం. మా అమ్మకు అన్నీ గీమెనే చూస్తది."

డాక్టరు అక్కను చూసింది. "తారాబాయి మీకు చెప్పలేదా అమ్మా?"

"చెప్పింది మేడం."

"మరి?"

అక్క నా వైపు చూసింది. ఎంతో సేపు కాదు. కుర్చీ సర్దుకుంటూ పక్కనున్న మనిషికి తగిలామా అని చూస్తామే, అంతసేపు. నేను ఎక్స్‌రే చూస్తున్నాను. చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

"మర్సిపోయిన మేడం," అంది అక్క.

డాక్టరు తిట్టలేదు. ఇదంతా ఈ మూడు నెలల్లోనే వచ్చింది కాదని, ఏళ్ళ తరబడి షుగరు, కిడ్నీ జబ్బు కలిసి చేసిన పని చాలా ఉందని, ఈ మూడు నెలలు దాన్ని తొందరపెట్టాయని చెప్పింది. పాలు, పాయలాంటివి పూర్తిగా మానేయమంది. పాయ అన్నప్పుడు కూడా అక్క తలవంచుకునే ఉంది. అత్త మిషన్ దిగడానికి ఇంకా మూడు గంటలుంది, బావ మళ్ళీ వచ్చి తీసుకురావాలి. ఇంటికి వచ్చేదాకా నేను డాక్టరు చెప్పినదాంట్లో మొదటి సగాన్ని పట్టుకొని కూర్చున్నాను. ఏళ్ళ తరబడి. ఇదంతా ఈ మూడు నెలల్లోది కాదు. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా అదే మాట, ప్రతి సిగ్నలు దగ్గరా ఇంకోసారి.

ఇల్లు చేరగానే బావ వాకిట్లోనే అందుకున్నాడు.

"గంత మర్సిపోయేటట్టు ఏం రాచకార్యాలున్నయే నీకు? గోలీ అన్నంల ఏసుడు గూడ యాదికుండదా? సదువు లేకపోతే లేకపాయె, చెవులు గూడ లేవా?"

అక్క చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుంటోంది. ముత్తమ్మ గోడ మీదుగా చూస్తోంది. నేను లోపలికి వెళ్ళాను. అల్మారా తెరిచి చార్టు పీకాను. టేపుతో పాటు నాలుగు మూలలా రంగు ఊడి వచ్చింది. దాన్ని నాలుగు ముక్కలు చేసి, చెత్త బుట్టలో చాయ్ పత్తి కింద కుక్కాను. అంతా అయ్యేసరికి బయట బావ గొంతు ఇంకా ఆగలేదు. చేతులు కడుక్కొని, ఆయనకు మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. "ఊకో బావా, అక్క కావాలని చేసిందా?" అన్నాను కూడా.

ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మా ఆయనకు సాయంత్రం చెప్పాను. ఆయన బూట్ల లేసులు విప్పుతూ విన్నాడు. "నువ్వు మాత్రం కావాలని చేసినవా? ఊకో. అన్నకు ఇప్పుడు చెప్తే లొల్లి," అన్నాడు. నాకు కావాల్సింది కూడా ఎవరో ఒకరు ఊకో అనడమే.

జూన్ ఆఖర్లో ఇంకో పెద్ద దవాఖానలో వేలు తీసేశారు. తీసిన తర్వాత నాలుగు రోజులు అక్కడే ఉంచారు. మూడోనాడు మధ్యాహ్నం అక్క స్నానానికి ఇంటికి పోతే, నేను అత్త దగ్గర కూర్చున్నాను.

"నొస్తున్నదా అత్తమ్మా?"

"ఉన్నయి నొస్తలేవు. లేని యేలు నొస్తున్నది," అంది. పంకా వైపు చూస్తూ పడుకుంది కాసేపు. తర్వాత నా వైపు తిరిగి, "నీ మొకం ఏంది గట్లున్నది? తిన్నవా?" అంది.

"అత్తమ్మా, గోలీలు నేను..."

"ఎరుకనే."

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"భాగ్య చెప్తనే ఉండె. మిషన్ కాడికి పోయినప్పుడల్ల చెప్పింది. రాత్రి శిరీష ఇచ్చినయి కొంగుల ముడేసుకో అత్తమ్మా, తెల్లారి అన్నం తినేటప్పుడు నమలు, ఆమెకు తెల్వనియ్యకు అని."

"మరి ఎందుకు నమల్లే?"

అత్త చేతి మీది పట్టీ సర్దుకుంది. చెప్పాలా వద్దా అని చూసినట్టుంది.

"నువ్వు జూస్తె నవ్వుతవని," అంది. "నల్గుర్ల నవ్వుతవు గద బిడ్డా. భాగ్యను చేసి చూపెట్టినట్టు నన్ను గూడ చేసి చూపెడ్తవని. ముసల్దాన్ని, గిదంత ఎందుకులే అని మింగిన."

కోపంగా అనలేదు. ఎండలు ముదిరాయి అన్నట్టు అంది. తర్వాత దిండు కొంచెం పైకి జరపమంది. జరిపాను. ఆ పాయ బాగుందని ప్రతి ఆదివారం ఎందుకందో అప్పుడు తెలిసింది. దాని గురించి నేను అడగలేదు.

అత్త ఇంటికి వచ్చిన తర్వాతి ఆదివారం బావ, మా ఆయన పక్కపక్కన కూర్చొని అన్నం తింటున్నారు. అక్క వడ్డిస్తోంది. అత్త మంచం మీదే కూర్చొని తింటోంది. కొత్త గోలీలు ఇచ్చారు, కాల్షియం లేనివి. అవీ అన్నంతోనే. నేను గుమ్మం దగ్గర నిలబడి, ముందే అనుకొని పెట్టుకున్న మాటలు మర్చిపోకముందే చెప్పేశాను.

"బావా, గోలీలు అక్క మర్సిపోలేదు. అక్క నాకు చెప్పింది. నేనే వినలే. రాత్రి పాలల్ల ఇచ్చింది నేను. పాయ చేసింది నేను. చార్టు గూడ రాసి పెట్టిన."

బావ ముద్ద కలపడం ఆపాడు. "ఏ చార్టు?"

"అల్మారకు ఉండె."

"ఏది?"

"చింపేసిన."

బావ నన్ను కాసేపు చూశాడు. మొహం మెత్తబడింది. మా ఆయనవైపు తిరిగి, "ఏమిరా?" అన్నాడు.

మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ, "ఆమె గట్లనే అంటది అన్నా. మనసుకు పట్టిచ్చుకున్నది. తిను నువ్వు," అన్నాడు.

"నాకు తెల్వదా?" అన్నాడు బావ. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. "శిరీషా, నువ్వు నెత్తినేసుకోవద్దు. ఎవరి తప్పు వాళ్ళదే." తర్వాత అక్కతో అన్నాడు. "చూస్తున్నవా? ఇంకొకల తప్పు తనదని చెప్తున్నది. సదువుకున్నోళ్ళ గుణం గిట్లుంటది. జర చూసి నేర్సుకో."

"బావా, నిజంగనే..."

"అయిపాయె, ఇడిసిపెట్టు."

అక్క ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె చారు పోసింది. అత్త ఎవరివైపూ చూడకుండా గోలీ నములుతోంది.

తర్వాత అక్క పెరట్లో గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. పీచు అందుకోబోతే ఇవ్వలేదు.

"అక్కా, నువ్వన్న చెప్పరాదు బావకు."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు."

ఆమె కుక్కర్ మూత రబ్బరు తీసి, దాని గాడిలో వేలు పెట్టి రుద్దింది. "ఉగాదికి ముంగటనే చెప్పిన గద చెల్లె," అంది. "నువ్వే నమ్మకపోతివి. ఆయన నమ్ముతడా?"

నేను కడిగిన గిన్నెలు తీసి బోర్లించడం మొదలుపెట్టాను. దాన్ని ఆమె కాదనలేదు. కొంతసేపటికి అంది. "రేపు మిషన్‌కు నువ్వు తీస్కపో. నాకు నడుము పట్టింది."

ఆమె నడుముకు ఏమీ కాలేదు. నిండు బకెట్టు ఎత్తి నా ముందే తులసికోట దాకా మోసుకుపోయింది.

సోమవారం పొద్దున అత్తను ఆటో ఎక్కించుకొని ఆరాంఘర్ చేరేసరికి నా చీర సగం తడిసింది. అత్త ఒక చెయ్యి నా భుజం మీద వేసి, కట్టు కట్టిన కాలు మడమ మీద ఆనిస్తూ నడుస్తుంటే, అక్క భుజం ఒకవైపు వంగిపోయి ఎందుకుంటుందో తెలిసింది. నేను చేసి చూపించేదాన్ని కదా, ఆ భుజమే. పై అంతస్తు, మెట్లు. లిఫ్టు ఉంది, పనిచేయదు. ఇవన్నీ మూడేళ్ళలో అక్క ఒక్కసారి కూడా ఇంట్లో చెప్పలేదు. చెబితే నేను దాన్ని కూడా ఏం చేసేదాన్నో.

పైన పది పన్నెండు మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో మిషన్. తారాబాయి సిస్టర్ నా ఊహలో పెద్దావిడ. చూస్తే నాకంటే చిన్నది. అత్తను పడుకోబెట్టి, సూదులు గుచ్చి, గొట్టాలు బిగించి, అప్పుడు నన్ను చూసింది.

"భాగ్యక్క రాలేదా? నువ్వెవరు?"

"చిన్న కోడలిని."

"ఇన్నేండ్లల్ల ఎన్నడు చూడకపోతిని." ఆ మాటలో తప్పుపట్టడం లేదు, కానీ నాకు తగిలింది. ఆమె ఒక స్టూలు లాక్కొని నా ఎదురుగా కూర్చుంది. "సరే విను. కొత్త గోలీల సంగతి చెప్పాలె. పాతయి భాగ్యక్కకు మంచిగనే చెప్పిన. ఆమె మూడు సార్లు తిరిగి చెప్పింది గూడ. ఎట్ల మర్సిపోయిందో, మరి. గంత మతి ఉన్న మనిషి." ప్యాడ్, పెన్ను చేతిలోకి తీసుకుంది. "సదువొస్తదా అమ్మా నీకు? రాసియ్యన్నా, బొమ్మేసి చెప్పన్నా?"

బీఎస్సీ నాలుక చివరిదాకా వచ్చింది. పక్క మంచం మీద అత్త కళ్ళు మూసుకొని పడుకుంది.

"రాదు సిస్టర్," అన్నాను. "బొమ్మేసి చెప్పండి."

ఆమె కాగితం మీద సున్నా చుట్టింది. అది పళ్ళెం. అందులో కుప్ప, అది అన్నం. సగం కుప్పకు అడ్డంగా ఒక గీత, ఆ గీత మీద ఒక చుక్క. గట్టిగా, మెల్లగా, మా చిన్నదానికి నేను ఎక్కాలు చెప్పినట్టు చెప్పింది. ఉపాసం ఉంటే గోలీ ఉండదు. రెండు బిస్కెట్లు తిన్నా గోలీ వెయ్యాలి. పడుకునేటప్పుడు వెయ్యొద్దు. చెప్పడం అయిపోయాక, "ఇగ నువ్వు చెప్పు," అంది.

చెప్పాను.

"మళ్ళొక్కసారి. తొందర లేదు."

మళ్ళీ చెప్పాను. బిస్కెట్ల సంగతి వదిలేశానంది. బిస్కెట్లతో సహా మూడోసారి చెబుతున్నాను. మంచం కిర్రుమంది. అత్త కళ్ళు తెరవలేదు, కానీ భుజాలు కదులుతున్నాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కుదుపుకు మిషన్ కుయ్యిమని కూత పెట్టింది.

"పెద్దమ్మా, నవ్వకు. సూది కదుల్తది," అని సిస్టర్ లేచి మీట నొక్కింది. నా వైపు తిరిగి, "ఆమె నవ్వనీ. నువ్వు సిగ్గు పడకు. తెల్వనిది అడుగుడు తప్పు గాదు," అంది.

కూత ఆగింది. అత్త భుజాలు ఆగలేదు.

"ఇంకొక్కసారి చెప్పు," అంది సిస్టర్.

చెప్పాను.